చిన్‌షుయ్‌కి ఇత్తడి పెన్ను

తైవాన్‌లోని మా కీలుంగ్ రేవులో చేపల వేలం పాడేవాళ్ళు చాలామంది ఉన్నారు గాని లియెన్ చిన్‌షుయ్ గొంతు వేరు. వానలో, లారీల రొదలో, ఐసుగడ్డలు పగలగొట్టే చప్పుడులో కూడా ఆయన పాట మా వీధి చివరిదాకా వినబడేది. నోరున్నవాడిదే రాజ్యం అన్నట్టు ఆ రేవులో రాజ్యం ఆయనదే. గంపెడు కానాగంతలకు ధర పాడుతూనే, బేరమాడేవాడి పిసినారితనాన్నీ వాడి మామగారి పిసినారితనాన్నీ కలిపి దులిపేసేవాడు. తిట్లు తిన్నవాళ్ళే నవ్వుకుంటూ ధర పెంచేవారు.

ఆ గొంతు పోయింది. పోయిన తీరు తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది. మావాళ్ళలో పెద్ద జబ్బు పేరు జబ్బుపడ్డవాడికి చెప్పరు. డాక్టరు కూతుర్ని పక్కకి పిలిచి చెబుతాడు, కూతురు మొహం కడుక్కుని నవ్వుతూ తండ్రి దగ్గరికి వస్తుంది. చిన్‌షుయ్ కూతురు పెయ్‌యూ కూడా అంతే చేసింది. "చిన్న గడ్డ నాన్నా, తీసి పారేస్తారు" అంది. ఆస్పత్రి కాగితాల మీద ఆ పిల్ల చూపించిన చోటల్లా ఆయన సంతకానికి బదులు తన పేరున్న ముద్ర ఒత్తాడు. మత్తు దిగేసరికి మెడలో రంధ్రముంది, మాట లేదు. ఆపరేషన్ గది గుమ్మంలో భార్యతో ఆయన అన్న ఆఖరి మాట, "గొడుగు మర్చిపోకు." తెలిసుంటే ఇంకేమైనా అనేవాడేమో. తెలియనిస్తేగా!

మెడకి ఆనించుకుని మాట్లాడే యంత్రమొకటి ఇచ్చారు గాని ఆయన మెడ గట్టిపడిపోయి అది బుర్రుమనడమే తప్ప మాట పలకలేదు. పెదాలు కదిపితే ఆ కదలిక కూడా వేలంపాట వేగమే, ఎవరికీ ఒక్క ముక్క అందదు. ఇక మిగిలింది రాయడం. జేబులో చిన్న పుస్తకం, చేతిలో పెన్ను. నోటితో అరిచినంత గట్టిగానే కాగితం మీద అరిచేవాడు కాబట్టి ప్లాస్టిక్ పెన్నులు పుటుక్కున విరిగిపోయేవి.

అందుకే ఒక సాయంత్రం ముసురులో ముగ్గురూ నా కొట్టుకి వచ్చారు. గుడి వీధి వెనక పెన్నులూ పుస్తకాలూ అమ్మే ఈ కొట్టు మా నాన్న నాటిది. చిన్‌షుయ్ మెడకి గుడ్డ కట్టుకుని వచ్చాడు. పక్కన భార్య బోంగ్‌చీ, వెనకాల పెయ్‌యూ.

"అత్తా, ఈయనకి ఇనప పెన్నేదైనా ఉంటే ఇవ్వు. ఇంట్లో అన్నీ విరిచేశాడు" అంది పెయ్‌యూ.

"మీ నాన్న పాడితే మార్కెట్టు రేకులే అదిరేవి. పాపం, పెన్నొక లెక్కా?" అన్నాను.

చిన్‌షుయ్ నవ్వాడు. భుజాలు కదిలాయి, అంతే.

"అమ్మ ఈమధ్య మరీ పరధ్యానంగా ఉంటోందత్తా. చేదు మందు వద్దని నాన్న రాసి చూపిస్తే, సరే సరేనని తలూపి అదే మళ్ళీ పోసింది. ఆయన పుస్తకం విసిరికొట్టాడు."

"వయసు మీద పడుతోందిగా" అంది బోంగ్‌చీ తేలిగ్గా.

వయసు కాదు. ఆవిడకి చదువు రాదు. ఆడపిల్లలు ఎక్కువైన జాలరి ఇంట్లో పుట్టింది. 'సరే, పెంచుదాంలే' అన్న అర్థం వచ్చే పేరు పెట్టి వదిలేశారు, బడికి ఎవరు పంపుతారు? నేను కొట్టులో సాయానికి కూర్చోడం మొదలుపెట్టిన కొత్తలో ఆవిడ పెయ్‌యూ బడివాళ్ళిచ్చిన పుస్తకాల చీటీ తెచ్చి మా నాన్నకి అందించి, "కళ్ళద్దాలు ఇంట్లో మర్చిపోయాను, మీరే చూసి ఇవ్వండి" అనేది. అప్పటికి పడుచుది. చేపలో వెంట్రుకంత ముల్లు కనిపెట్టే కళ్ళు! నేను కిసుక్కుమంటే నాన్న నెత్తిమీద ఒకటి మొట్టాడు.

సంతకాలతో పనిలేని ఊరు మాది. బ్యాంకులో, పోస్టాఫీసులో, పిల్లల మార్కుల కార్డు మీద ముద్ర ఒత్తేస్తే చాలు. ఆవిడ సంచిలో ముద్ర ఉండేది, పక్కన మొగుడు ఉండేవాడు. బస్సు బోర్డులు, మందు సీసాలు, కరెంటు బిల్లు అన్నీ తనకోసమే చదువుకుంటున్నట్టు ఆయన పైకి చదివేవాడు. నాన్నకి పేపరు పైకి చదివే పిచ్చి అని పెయ్‌యూ ఇప్పటికీ నవ్వుతుంది. తైపే బ్యాంకులో పెద్ద ఉద్యోగం చేస్తోంది, కన్నతల్లికి అక్షరం రాదని తెలియదు. చదవేస్తే ఉన్న మతి పోయిందని ఊరికే అన్నారా?

ఇప్పుడు ఆయన మాటంతా కాగితం మీదే, ఆవిడకి కాగితమంటే గోడే. ఆకలికీ దాహానికీ ఏవో సైగలతో తంటాలు పడొచ్చు, మిగతా కాపురం సంగతేమిటి? 'మీ అమ్మకి చదవడం రాదు' అని ఒక్క ముక్క రాస్తే, ఆయన రాసేవన్నీ కూతురు తల్లికి చదివి వినిపిస్తుంది. కాని ఆవిడ జన్మంతా దాచుకున్నది ఆయన చేత్తో ఎలా రాస్తాడు?

పెన్నులు తీసి బల్ల మీద పెట్టాను. పనిలో పెట్టుకోవలసిన పెన్నుకి రంగూ మెరుపూ అక్కర్లేదు. క్లిప్పు బిగువుగా ఉండాలి, ఒంటిచేత్తో నొక్కితే తెరుచుకోవాలి, రీఫిల్ ఏ చిల్లర కొట్టులోనైనా దొరకాలి, గచ్చు మీద పడితే సొట్ట పడాలి గాని పగలకూడదు. అంటూనే ఇత్తడి పెన్నుని కింద పడేసి చూపించాను. ఖంగుమంది.

అంతలో బయట ట్రాఫిక్ పోలీసు ఈల వేశాడు. "అయ్యో, నా బండి!" అని పెయ్‌యూ పరిగెత్తింది.

చిన్‌షుయ్ అల్యూమినియం పెన్ను తీసుకుని, నేనిచ్చిన కాగితం మీద ముందు పేరు రాశాడు. ఎవరైనా పేరే రాస్తారు. తర్వాత భార్య వైపు చూసి, ఏదో తోచినట్టు గబగబా రాయసాగాడు. బల్లకి ఇవతల నిలబడి తలకిందులుగా చదవడం నాకు అలవాటే. 'నీళ్ళడిగితే గంజి తెచ్చావు. పోనీలే, తాగేశాగా.'

బోంగ్‌చీ వంగి చూసింది. "మరీ పల్చగా పడుతోంది. వద్దు."

స్టీలు పెన్ను తీశాడు. 'పిల్లకి చెప్పేయనా? నీకు కోపమొస్తుందని ఆగాను.'

"చేతిలో జారుతోంది చూడు. నీ చేతులెప్పుడూ తడేగా" అంది ఆవిడ.

"వదినా..." అన్నాను. చిన్‌షుయ్ తలెత్తాడు. నేను చదువుతున్నానని అప్పుడు గాని ఆయనకి తట్టలేదు. వద్దన్నట్టు అరచెయ్యి చూపించాడు. నిండు మార్కెట్టుని గడగడలాడించిన మనిషి నన్నలా బతిమాలుతుంటే చూడలేకపోయాను.

"ఏం రాస్తున్నాడమ్మాయ్? కళ్ళద్దాలు ఇంట్లో మర్చిపోయాను" అంది బోంగ్‌చీ.

కక్కలేను, మింగలేను. "పేరే వదినా" అన్నాను.

"పేరు ఇంత పొడుగా? వేలంపాట వాడు కదా, పేరు కూడా సాగదీస్తాడు!" అని పకపకా నవ్వింది.

ఆయన ఇత్తడి పెన్ను అందుకున్నాడు. అరచేతిలో ఆడించి బరువు చూశాడు. ఈసారి తొందరపడలేదు. కాగితం అవతలికి తేలేలా నొక్కి ఒక్కటే మాట రాశాడు. 'నేను పోయాక నీకెవరు చదివిపెడతారు?'

బోంగ్‌చీ ఆ వరస మీద వేలుపెట్టి చివరిదాకా నెమ్మదిగా తడుముకుంటూ వెళ్ళింది. ఆవిడ మొహం విప్పారింది.

"ఇదే. ఇది తీసుకో. చూడు ఎంత చక్కగా పడిందో! ఇంత బాగా నువ్వెప్పుడూ రాయలేదు."

ఆయన తలూపి పెన్ను జేబుకి తగిలించుకున్నాడు. గుమ్మంలో పెయ్‌యూ గొడుగు దులుపుతున్న చప్పుడైంది. నేను గభాలున ఆ కాగితం లాగి గుప్పిట్లో ఉండ చుట్టేశాను.

"అదేంటమ్మాయ్, అలా నలిపేశావ్!" అని బోంగ్‌చీ నామీద కసురుకుంది. "అంత ముద్దుగా రాశాడు, పిల్లకి చూపిద్దామనుకుంటుంటే!"

పెన్నుకి డబ్బా కావాలా అని అడిగాను.