తిన్న ఇంట్లో తిట్టలేక

క్రెడిట్ కార్డు బాకీ కోసం నెల రోజులుగా ఫోన్‌లో నన్ను దులిపేస్తున్న వసూళ్ల ఏజెన్సీ మనిషి, ఈ మధ్యాహ్నం బార్కస్ దగ్గర మా ఇంటికే వచ్చేశాడు. అమ్మకు ఈ బాకీ సంగతి తెలియదు. నేను తలుపు దగ్గరికి వెళ్లేలోపే, బోనాలకు పిలిచిన నా ఆఫీసు స్నేహితుడనుకుని అతన్ని లోపల కూర్చోబెట్టి మటన్ వడ్డించేసింది.

అతను బాకీ మాటే ఎత్తలేదు. "మస్తుగున్నది కూర, అమ్మా" అంటూ మారు వడ్డించుకుని, ఆమెకు దండం పెట్టి మరీ వెళ్లాడు.

హమ్మయ్య అనుకునేలోపు ఫోన్ మోగింది. కిటికీలోంచి చూస్తే గల్లీ చివర బండి మీద కూర్చుని అతనే!

"పైసలు ఎప్పుడు కడ్తవ్? సిగ్గనిపిస్తలేదా?" అని అరిచాడు.

"అదేంది భాయ్, ఇప్పుడేగా మా ఇంట్ల తిని పోయినవ్!"

"గందుకే బయటికొచ్చి అడుగుతున్న అన్నా. తిన్న ఇంట్ల కూసొని, అమ్మ ముంగట గిట్ల ఎట్ల మాట్లాడాలె?" అని గొంతు తగ్గించాడు. వెంటనే మళ్లీ పెంచి, "ఈ వారంల కట్టకుంటే పెద్ద లొల్లి అయితది!" అన్నాడు.

తర్వాత నా వైపు చెయ్యి ఊపి బండి స్టార్ట్ చేశాడు. నేనూ ఊపాను. ఎందుకు ఊపానో ఇప్పటికీ అర్థం కావడం లేదు.

"మంచి పిలగాడు. వచ్చే ఆదివారం గూడ రమ్మను బిడ్డా" అంటోంది అమ్మ. పిలవకపోయినా వస్తాడని ఆమెకు ఎలా చెప్పాలి? మీరైతే ఏం చెబుతారు?