విప్పుడు పిన్ని కుట్టిన కోటు

మా పిన్నిని అందరూ విప్పుడు పిన్ని అంటారు. ఇంట్లోనే మిషన్ పెట్టుకుని బట్టలు కుట్టేది. ఒక్కసారి కుట్టి వదిలేసిన పాపాన ఎన్నడూ పోలేదు. కుడుతుంది, వేసి చూస్తుంది, పెదవి విరుస్తుంది, విప్పుతుంది. "మళ్ళీ విప్పావా తల్లీ!" అని పక్క వాటాలోంచి నేను ఏడిపిస్తే, "విప్పితే పోయేదేముందే, దారమేగా" అనేది. నాకు ఒళ్ళు మండేది గానీ, ఆవిడ కుట్టిన బట్ట ఒంటికి అతికినట్టు ఉండేది.

బాబాయి చేపల శీతల గిడ్డంగిలో పెట్టెలు మోసేవాడు. అక్కడ పెద్ద పెద్ద ఫ్యాన్లు రోజంతా మంచుగాలి విసురుతుంటాయి. ఆయనకు చిన్నప్పటి నుంచీ గూని. కొన్న కోటు ఏదైనా ఆ గూని మీద ఎత్తిపట్టి, వెనక నడుం దగ్గర పైకి లేచిపోతుంది. ఆ సందులోంచి చలి దూరి దూరి, చివరికి ఊపిరితిత్తులకు నిమ్ము చేసి మంచాన పడ్డాడు. ఆయన లేచి తిరగడం మొదలుపెట్టాక డాక్టరు, "ఇంకోసారి వీపుకి చలి తగిలితే నా చేతుల్లో ఏమీ ఉండదు" అని తెగేసి చెప్పాడు. గిడ్డంగి మేస్త్రీ కూడా తెగేసే చెప్పాడు. సోమవారం పనిలోకి రాకపోతే ఆ చోటు ఇంకొకరికి ఇచ్చేస్తానన్నాడు.

గాలి చొరబడని కోటు తనే కుడతానంది పిన్ని. గుడారాలు కుట్టే దుకాణంలో పారాచూట్ గుడ్డ ముక్క ఒకటి మిగిలితే తెచ్చుకుంది. ఒక్క కోటుకు బొటాబొటిగా సరిపోతుంది. లోపలి పొరకు పాత ఉన్ని దుప్పటి ఉండనే ఉంది. ఆ పారాచూట్ గుడ్డ చేతిలో నిలిస్తేగా! ఇటు పట్టుకుంటే అటు జారుతుంది, మిషన్ కింద ముడుచుకుపోతుంది. "జాగ్రత్తమ్మా, దీంట్లో సూది దిగితే దిగినట్టే" అని దుకాణం అతను చెప్పే పంపాడట. పిన్ని తల ఊపింది. తల ఊపడానికేం, అందరికీ ఊపుతుంది.

గూని దగ్గర వంపు కోసం వీపు మీద కుట్టు వేసి, బాబాయికి తొడిగి చూసింది. పైన పట్టేసింది. విప్పింది. కాస్త కిందికి వేసింది. బుడగలా ఉబ్బింది. మళ్ళీ విప్పింది. ఆ తర్వాత వేసినది మాత్రం అచ్చు పోసినట్టు కూర్చుంది. బాబాయి వంగాడు, చేతులెత్తాడు. నడుం ఎక్కడా బయటపడలేదు. "ఇన్నాళ్ళకి నా వీపు సంగతి తెలిసిన కోటు దొరికిందే!" అని నవ్వాడు.

లోపల దుప్పటి వేసే ముందు, ముడతలు పోతాయని పిన్ని కోటును కిటికీకి తగిలించింది. విప్పేసిన కుట్ల వెంబడి సన్నగా, వరసగా వెలుతురు కనిపించింది. గాలి ఆపాల్సిన వీపు జల్లెడయి కూర్చుంది. నూలుబట్టయితే గోటితో రుద్దితే రంధ్రం పూడుకుపోతుంది. పిన్ని గోరు నొప్పి పుట్టేదాకా రుద్దింది. ఒక్కటీ పూడలేదు. అతుకు వేద్దామంటే దానికీ కుట్టు పడాలి, కుట్టు పడితే మళ్ళీ రంధ్రాలే. "నా చేతులు పడిపోను! ఆయన్ని నేనే చంపుకుంటున్నానే!" అని నేల మీద కూలబడి ఏడ్చింది. ఏడిపించడమే తప్ప ఓదార్చడం చేతకాని నేను గుడ్లప్పగించి చూస్తూ నిలబడ్డాను.

చివరికి కొవ్వొత్తి కరిగించి రంధ్రాల మీద రుద్దింది. సోమవారం బాబాయి ఆ కోటే వేసుకుని వెళ్ళాడు. సాయంత్రం ఆయన వచ్చేసరికి పిన్ని గుమ్మంలోనే ఉంది.

"చలి తగిలిందా?"

"చలా? వీపుకి చెమట పట్టిందంటే నమ్ము."

కోటు విప్పుతుంటే చలికి పగిలిన మైనం పొట్టుపొట్టుగా నేల మీద రాలింది. పిన్ని చొక్కా కింద చెయ్యి పెట్టి చూసింది. వీపు మంచుగడ్డ.

"ఎందుకయ్యా నాతో అబద్ధాలు?"

"నువ్వు ఏడుస్తావని."

"రేపు నువ్వు వెళ్ళొద్దు. నేను వెళ్తా."

"చచ్చినా ఒప్పుకోను."

"నువ్వు చచ్చాక ఒప్పుకుంటే ఎంత, ఒప్పుకోకపోతే ఎంత!"

ఆ మాటకు బాబాయి గోడ వైపు తిరిగి కూర్చున్నాడు. ఆయన ఏడవడం నేను చూసింది అప్పుడే.

మర్నాడు పిన్ని ఆ కోటు తొడుక్కుంది. గూని కోసం వదిలిన చోటు ఆవిడ వీపు మీద ఖాళీగా వేలాడుతుంటే తువ్వాలు మడిచి కుక్కుకుంది. మేస్త్రీ కాసేపు గొణిగాడు గానీ, పెట్టెలు లేస్తున్నాయి కదా అని ఊరుకున్నాడు.

అప్పటినుంచీ గిడ్డంగికి ఆవిడే వెళ్తోంది. బాబాయికి మళ్ళీ నిమ్ము చేరలేదు. సెలవు రోజున మాత్రం మిషన్ ముందు కూర్చుంటుంది. నిన్న నన్ను పిలిచి సూదిలో దారం ఎక్కించమంది. చూపు తగ్గిందా పిన్నీ అని వేళాకోళమాడాను. కళ్ళు బాగానే ఉన్నాయట. సూది పట్టుకున్నట్టే వేళ్ళకు తెలియడం లేదట.