సైకిలెక్కిన మాధవరం అవ్వ

మద్రాసులో టీచరు ట్రైనింగు చదివే రోజుల్లో, ఒక ఆదివారం మా హాస్టలు అమ్మాయిలం నలుగురం అద్దె సైకిళ్ళ మీద మాధవరం వైపు పల్లెలు చూడబోయాం. దారి చూపిస్తూ మా డ్రిల్లు మాస్టారు ముందు తొక్కుతున్నారు. "ఆడపిల్లలు సైకిలెక్కితే ఈ ఊళ్ళలో ఒప్పుకోరు. ఎవరైనా తిడితే తలొంచుకుని వచ్చేయండి," అని బయలుదేరేటప్పుడే హెచ్చరించారు.

నేను వెనకబడ్డాను. ఒక పెంకుటింటి ముందు వడ్లు ఎండబోస్తున్న అవ్వ చెయ్యి అడ్డం పెట్టి నన్ను ఆపింది. తిట్లు తప్పవనుకుని, వచ్చీరాని అరవంలో క్షమించమన్నాను.

"తెలుగు పిల్లవా? మేమూ తెలుగోళ్ళమే. తాతల కాలం నించీ ఈడనే ఉండాము," అంది. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "నన్ను ఎనకాల కూచోబెట్టుకోని ఆ బావి దాకా పోతావా, అమ్మే?"

కాదనలేకపోయాను. ఆమె నా నడుం గట్టిగా పట్టుకుని, బావి దాకా పోయి తిరిగొచ్చేవరకూ నవ్వుతూనే ఉంది. దిగగానే కొంగు సర్దుకుని ముఖం గంభీరంగా పెట్టింది.

"నా కోడలికి చెప్పబాక. మొగుడి సైకిలు ముట్టుకున్నిందని పొద్దన్నే దాన్ని తిట్టినా."

చెప్పనని మాటిచ్చాను. కానీ కోడలు అప్పటికే గుమ్మంలో నిలబడి ఉంది.

"అత్తా, రేపు నేను తొక్కతాలే. నువ్వు ఎనకాల కూచో," అంది నెమ్మదిగా.

అవ్వ నావైపు తిరిగి, "నువ్వింక పో అమ్మే. ఇది మా ఇంటి సంగతి," అంది.