గీటురాయి మీద ఇనుప గీత

మా బావ విదేశాల్లో ఏదో పెద్ద మిషను పగలగొట్టాడనే మాట మా బంధువుల పెళ్ళిళ్ళలో, బంతిలో కూర్చుని విస్తరి వేసేలోపు ఎవరో ఒకరు ఎత్తుతూనే ఉంటారు. ఆయన ఏ మిషనూ పగలగొట్టలేదు. అసలు ఆయన అనంతపురం దాటి వెళ్ళిందే తక్కువ. గోరంత పలకను ఒక రాయి మీద ఒక్కసారి గీచాడు, అంతే. ఆ గీత వల్ల ఏం పోయిందో చూసినవాళ్ళం నలుగురమే, మా అక్క, బావ, వాళ్ళ కూతురు, నేను. మా మేనకోడలు ఇంగ్లీషులో రాసిన పరిశోధన వ్యాసాల్లో ఫలితాలుంటాయి గానీ ఈ సంగతి ఉండదు. అక్కకు చెప్పే ఓపిక లేదు, బావకు చెప్పే మనసు లేదు. పెనుకొండ గ్రంథాలయం మెట్లను కూడా మధ్యలో ఆగి ఎక్కే స్థితికి వచ్చిన నేనూ ఊరుకుంటే చివరికి ఆ మిషను కథే నిలిచిపోతుంది. అందుకని రాస్తున్నాను.

పోయిన వారం బావతో కలిసి ధర్మవరంలో జరీ పరీక్షించే ఒక దుకాణానికి వెళ్ళాను. మగ్గం మీద కూర్చోవడం ఆయన మానేసి చాలా కాలమైంది. ఇంట్లో మిగిలిపోయిన పాత జరీ రీళ్ళు తీసుకుంటానన్న వ్యాపారి, ముందు పరీక్ష చేయించుకుని రమ్మన్నాడు. పరీక్ష అంటే ఇప్పుడు కుక్కరంత పెట్టె. జరీని లోపల పెట్టి మూత వేస్తే ఎక్స్ కిరణాలు తగిలి, బంగారం ఎంత, వెండి ఎంత, రాగి ఎంత అనేది తెర మీదికి వస్తుంది. ఆ పెట్టె మీద ఉన్న పసుపుపచ్చ హెచ్చరిక గుర్తు చూసి నేను కాసేపు అలాగే నిలబడిపోయాను, ఎందుకంటే ఆ గుర్తు అంటించిన తలుపు వెనకే నా ఉద్యోగమంతా గడిచిపోయింది.

హిందూపురంలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఎక్స్‌రే గది నాది. పొద్దున్నే పెనుకొండలో ప్యాసింజరు ఎక్కడం, రోజంతా జనాన్ని ఊపిరి బిగబట్టమనడం, చీకటి గదిలో ఫిల్ములు కడగడం, ఆ మందుల పులుపు వాసన చొక్కాకు పట్టించుకుని సాయంత్రం బండికి తిరిగి రావడం, ఇదే పని. నేను చదివింది ఎక్కువేమీ కాదు. నా చేతి కింద రోజూ పుట్టే ఆ కాంతి ఏమిటో నాకు ఎవరూ చెప్పలేదు, అడిగితే డాక్టరుగారు నవ్వారు. ఆ నవ్వు వల్లే నేను గ్రంథాలయానికి వెళ్ళాను. అట్ట ఊడిన ఒక పాత పుస్తకంలో "క్ష కిరణాలు" అన్న అధ్యాయం నాకు దొరికిన మొదటి గురువు. అక్కడినుంచి పరమాణువులు, కేంద్రకాలు, కాంతి కణాలు, అర్థమైనంతవరకు అర్థం చేసుకుంటూ, కానిదాన్ని మళ్ళీ మళ్ళీ చదువుతూ వయసు గడిపేశాను. గర్వమనుకున్నా సరే, ఆ చిన్న గ్రంథాలయంలో భౌతికశాస్త్రం అరలో నా వేలిముద్ర పడని పుస్తకం లేదు.

మా అక్క కూతురు సెలవులకు పెనుకొండ వచ్చినప్పుడు నాతోపాటు ఆ గ్రంథాలయానికి వచ్చేది. పారేసిన ఫిల్ములు తెచ్చి ఇస్తే కిటికీకి అడ్డంపెట్టి ఎముకలు లెక్కపెట్టేది. పెద్దదై బెంగళూరులో చదివి, పరిశోధనలో చేరి, ఒకరోజు ఫోనులో తన పని ఎక్స్ కిరణాలతోనేనని చెప్పినప్పుడు, నేను హిందూపురం ప్లాట్‌ఫారం మీద పక్కన ఎవరున్నారో చూసుకోకుండా గట్టిగా అరిచాను.

ఆమె పని నాకు అర్థమైనంత చెబుతాను. ఇనుములో ఒక రకం ఉంది, మామూలు ఇనుముకంటే పిసరు బరువు. దాని కేంద్రకం మహా పట్టుదల గలది. సరిగ్గా తనకు సరిపోయే ఎక్స్ కిరణాన్ని మాత్రమే తీసుకుంటుంది, మిగతావాటిని పట్టించుకోదు. తీసుకున్నదాన్ని రెప్పపాటులో ఎన్నో లక్షల వంతు సేపు దాచుకుని తిరిగి ఇచ్చేస్తుంది. ఒక్క కేంద్రకమైతే తనకు తోచినప్పుడు ఇస్తుంది. అదే పలుచని పొరలో బోలెడు కేంద్రకాలను రెండు లోహపు అద్దాల నడుమ సరైన లోతులో పేరిస్తే, అవన్నీ కూడబలుక్కున్నట్టు ఒక్కటిగా ఇచ్చేస్తాయి, తొందరగా, ఒకే దిక్కుకు. ధర్మవరంలో మా అక్కవాళ్ళ వీధిలో పొద్దున మగ్గాలన్నీ దేనికది చప్పుడు చేస్తూ ఉంటే, ఎప్పుడో ఒక్క క్షణం పోగును కొట్టే పలకలన్నీ ఒకేసారి పడి వీధంతా ఒక్క దెబ్బగా వినిపించేది. అలాంటి క్షణాన్ని కావాలని తెప్పించి, అదుపులో పెట్టడం మా మేనకోడలి ప్రయత్నం.

అందుకు కావలసిన కిరణాలు విదేశంలో ఊరంత వలయంలాంటి యంత్రంలో పుడతాయి. అక్కడ కొద్ది రోజులు పని చేసుకునే వంతు కోసం ఆమె ఏడాదికి పైగా ఎదురుచూసింది. ఆ వంతు వచ్చింది. అలా పొరలు పేర్చిన గోరంత పలకలు రెండు తయారయ్యాయి. ఒకటి సరైనది, ఇనుప పొర సరిగ్గా ఉండవలసిన లోతులో పడింది. రెండోది ముందు చేసింది, కాస్త తప్పింది. సామానులో వేస్తే పోతాయని చేతిసంచిలో పెట్టుకుని, విమానం ఎక్కేముందు అమ్మానాన్నలకు చెప్పి వెళ్దామని ధర్మవరం వచ్చింది. నేనూ ఆరోజు సెలవు పెట్టి వెళ్ళాను.

జరీ నమ్మకం మీద కొనే వస్తువు కాదని నేతపనివాళ్ళ ఇళ్ళలో అందరికీ తెలుసు. కొత్త రీలు ఇంటికి వస్తే బావ కొద్దిగా పోగు తీసి, చుట్టచుట్టి, నల్లటి గీటురాయి మీద రుద్దేవాడు. పైన పసుపు గీత, ఆ తర్వాత తెల్ల గీత వస్తే వెండి మీద బంగారం. ఎర్రది కనిపిస్తే రాగి, రీలు వెనక్కి పంపేవాడు. పైపూత కింద ఏముందో చూడకుండా ఏ వస్తువునూ ఆయన చేతులు ఒప్పుకునేవి కావు. రాయిని వారానికోసారి నూనెతో తుడిచి, దేవుడి పటం పక్కన పెట్టేవాడు.

మధ్యాహ్నం మా మేనకోడలు, ఇంట్లో మా అందరికీ పాపే, తలంటుకోవడానికి వెళ్ళింది. బల్ల మీద డబ్బా తెరిచి ఉంది, పలకలు అప్పటిదాకా మాకు చూపించి అక్కడే పెట్టింది. బావకు ఆమె చెప్పినదాంట్లో ఒక్కటే తలకెక్కింది, పైన తళతళలాడే పొర, కింద ఇంకో పొర, దాని కింద అసలు సంగతి. నేను పేపరు చదువుకుంటూ ఉన్నాను. తల ఎత్తేసరికి ఆయన ఎప్పుడూ కూర్చునే చోట గొంతుకూర్చుని, ఒళ్ళో రాయి పెట్టుకుని, పలక తిప్పి చూసుకుంటున్నాడు. అప్పటికే గీచేశాడు.

తల తుడుచుకుంటూ వచ్చిన పాప చూసింది. తువ్వాలు అలాగే చేతిలో ఉండిపోయింది. వచ్చి నాయన పక్కన కూలబడి అడిగింది.

"ఏం కనపడె నాయనా?"

"తెల్లగా వచ్చెనమ్మా. వెండేమో అనుకొంటి. ఇనుమంటివి కదా, యాడుండాదా అని సూస్తి."

మా అక్క వంటింట్లోంచి వచ్చి సంగతి తెలుసుకుని, నీ చేతికి రాయి దొరికితే పెండ్లాన్నయినా గీకి సూస్తావు, బిడ్డ పానం పెట్టుకొని చేసిందే దొరికెనా నీకు, అని కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. బావకు అప్పటికీ అర్థం కాలేదు. కొద్దిగే కదమ్మా గీసింది, మిగతాది బాగుండాది కదా, అన్నాడు. ఆయన లోకంలో పోగు ముక్క పోతే రీలు పోదు. ఆ పలకలో మాత్రం పైపొర చెదిరితే, వచ్చిన కిరణం లోపలి పొరలో నిలవడానికి దారి లేదు. ఆ మాట పాప చెప్పలేదు. "పోనీ నాయనా, ఇంకొకటి ఉండాది" అని మాత్రం అంది. నాకు తెలుసు, ఆమెకు తెలుసు, లోతు తప్పిన ఆ ఇంకొకటి ఏపాటిదో.

రెండో పలకతో వెళ్ళింది. కేంద్రకాలన్నీ ఒక్కటైన గుర్తు కనబడింది గానీ, మసకగా, ఏదీ గట్టిగా చెప్పలేనంత లీలగా వచ్చింది. ఆ తర్వాతి వంతు వేరే విద్యార్థికి వెళ్ళింది. ఇలాంటి ఫలితాన్నే వేరే దేశంలో ఎవరో ముందుగా ప్రకటించారు. ఆమె కొంతకాలం ఏ పనీ చెయ్యలేదు, తర్వాత దారి మార్చుకుంది. ఇప్పుడు బెంగళూరులోనే, లేజర్లతో పరమాణువులను ఉబ్బించే ప్రయోగాలు చేస్తోంది. ఎలక్ట్రాను కేంద్రకానికి చాలా దూరంగా జరిగితే పరమాణువు వేల రెట్లు పెరుగుతుందట, అలా ఉబ్బినదాని చుట్టుపక్కల ఇంకొకటి ఉబ్బడానికి వీల్లేదట. ఫోనులో ఆమె అది చెబితే బావ, గుంతమగ్గాలు మరీ దగ్గర పెడితే ఒకరి మోచెయ్యి ఇంకొకరికి తగలదా, ఇదీ అంతే కదా, అని నవ్వాడు. ఆమె కూడా నవ్వింది. నాయనమీద ఆమెకు ఎప్పుడూ కోపం లేదు. మంచి ఉద్యోగం, మంచి పేరు. కానీ ఇనుము గురించి ఆమె మళ్ళీ మాట్లాడగా నేను వినలేదు.

బావ ఆరోజు తర్వాత ఆ రాయి మీద ఏ జరీనీ గీయలేదు, నూనెతో తుడవనూ లేదు. గుడ్డలో చుట్టి పెట్టె అడుగున దాచాడు. తయారీదారు చెప్పినదాన్నే నమ్మి జరీ కొన్నాడు, రెండుసార్లు మోసపోయాడు, ఎవరితోనూ చెప్పుకోలేదు.

పోయిన వారం దుకాణంలో రీళ్ళ పరీక్ష అయ్యాక ఆయన సంచిలోంచి ఒక గుడ్డమూట తీశాడు. ఆ నల్లరాయే. పాత జరీ గీతల నడుమ ఒకచోట బొటనవేలితో చూపించి, మిషను దగ్గరున్న కుర్రవాణ్ణి అడిగాడు.

"ఏమబ్బా, ఈ గీతలో ఏముండాదో నీ పెట్టెకు తెలుస్తాదా?"

"రాయి పెట్టకూడదు తాతా, నగలకు, జరీకి అది."

"పెట్టి సూడప్పా. పోతే నీకేం పోతాది?"

కుర్రవాడు విసుక్కుంటూనే పెట్టాడు. నాకు అక్కడ ఏ గీతా కనిపించలేదు, నా కళ్ళూ పాతవే. కాసేపటికి తెర మీద మొదటి వరసలో ఇనుము అని వచ్చింది. వాడు చదివి వినిపించగానే బావ నావైపు తిరిగాడు. "వింటివా? పోలేదప్పా, ఈడే ఉండాది" అన్నాడు. ఇన్నేళ్ళలో ఆయన ముఖం అంత తేలిగ్గా చూడలేదు నేను.

నల్లరాయిలో ఇనుము ఎలాగూ ఉంటుంది. ఆ పెట్టెకు ఏ ఇనుమైనా ఇనుమే, పిసరు బరువైనదాన్ని వేరుచేసి చెప్పడం దానికి చేతకాదు. ఆ సంగతి నాకు పెనుకొండ గ్రంథాలయం నేర్పింది. నేర్చుకున్నది నలుగురికీ చెప్పకపోతే నిద్రపట్టని మనిషిని నేను. ఆరోజు మాత్రం సంచి అందుకుని, బస్సుకు టైమైంది బావా, అన్నాను.

ఎక్స్‌రే గదిలో ఇప్పుడు చీకటీ లేదు, పులుపు వాసనా లేదు, బొమ్మ నేరుగా డాక్టరు ఫోనుకే పోతుంది. గ్రంథాలయంలో నా అర ముందు పోటీపరీక్షల పుస్తకాలు పేర్చారు. మా అక్కవాళ్ళ వీధిలో చాలా మగ్గాలకు మోటార్లు బిగించారు, అవి రోజంతా ఒకే తాళంలో కొట్టుకుంటాయి, ఎప్పుడో ఒకసారి కలిసే ఆ ఒక్క దెబ్బ కోసం చెవి పెట్టే పని లేదు. నాకూ అలసటగా ఉంది. రాయవలసింది రాసేశాను.

దీన్ని రాయడానికి, పాత సంచికలు దుమ్ము దులిపి ఇచ్చిన గ్రంథాలయం అమ్మగారికి, నా తప్పులను ఓపికగా దిద్దిన మేనకోడలికి, రాయి పెట్టనిచ్చిన కుర్రవాడికి నా కృతజ్ఞతలు. అందరికంటే ఎక్కువగా మా బావకు. ఆయన తనంతట చదవడు, అక్క చదివి వినిపించాలి. అక్కా, నల్లరాయిలో ఇనుము అని మొదలయ్యే పేరా ఒకటుంది. అది వదిలేసి చదువు.