బొద్దమ్మకు తగిలిన దెబ్బలు

కళ్లజోళ్ల దుకాణంలో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగించడం ఆమె ఉద్యోగం. వీధిలో మాత్రం అందరికీ ఆమె చేపలమ్మ. ఆ పేరు విని, కొత్తగా అద్దెకు దిగినవాళ్లు కిలో ఎంతని అడగడానికి తలుపు తట్టేవారు. "అమ్మను, బాగుచేస్తాను" అనేదామె.

రంగు బాగుందని ఒక పెంపుడు చేపనీ, తోక బాగుందని ఇంకోదాన్నీ కొని ఒకే తొట్టెలో కలిపేసేవాళ్లకు కొదవలేదు. రెండింటికీ పడదు. ఒకదాని రెక్కలు పీలికలయ్యాక, దాన్ని ఏ గిన్నెలోనో వేసుకుని ఆమె దగ్గరికి పరుగెత్తుకొచ్చేవారు. స్నానాలగది ముందు టబ్బులు ఎప్పుడూ నిండుగా ఉండేవి. "స్నానానికి వెళ్లాలంటే ఆస్పత్రి వార్డు దాటాల్సొస్తోంది" అని అత్తగారు సణిగేది. కోడలు విననట్టే ఉండేది. ఇద్దరి మధ్య అవసరానికి మించి మాటలుండేవి కావు.

ఆమె సొంత చేప ఒక్కటే. హాల్లోని పెద్ద తొట్టెలో ముసలి గోల్డ్‌ఫిష్, పేరు బొద్దమ్మ.

ఒకరోజు సాయంత్రం ఆమె పనినుంచి వచ్చేసరికి హాలంతా తడి. అత్తగారు చీర కుచ్చెళ్లు ఎగదోపి, టీ జల్లెడ పట్టుకుని తొట్టె ముందు నిలబడి ఉంది. తొట్టె మధ్యలో నల్లచారల పచ్చచేప ఒకటి రెక్కలు విప్పుకుని కాపలా కాస్తున్నట్టు తిరుగుతోంది. పంపు వెనక సందులో బొద్దమ్మ పక్కకు ఒరిగి ఉంది. తోక సగం లేదు. డొక్కలో పొలుసులు ఊడి ఎర్రటి మాంసం కనిపిస్తోంది. ఎడమకన్ను ఉబ్బి బయటికి వచ్చింది.

"ఎవరు వేశారు దీన్ని?"

"నేనే. నీ మరిది చిన్నాడు తెచ్చాడు. నువ్వొచ్చేదాకా ఆగమన్నాడు. ఇది ఒక్కతే తిరుగుతోంది పాపం, తోడుంటుందని నేనే వేసేశాను. నన్ను తర్వాత అందువుగానీ ముందు దాని సంగతి చూడు."

ఆమె నోరు తెరిస్తే ఏం అనేస్తానోనని భయపడింది. పచ్చచేపను వలతో తీసి వేరే టబ్బులో వేసింది. భర్త కంగారుగా కుళాయి దగ్గర బకెట్ నింపుకుని వచ్చాడు.

"ఆ నీళ్లొద్దు. అందులో కలిపిన క్లోరిన్ మందుకే చచ్చిపోతుంది. తొట్టెలో నీళ్లే తోడండి."

టబ్బులో ఆ నీళ్లు పోసి, కాస్త కల్లుప్పు కరిగించి, గాలి గొట్టం పెట్టింది. తడిబట్టలో బొద్దమ్మను చుట్టి అరచేతిలోకి తీసుకుంది. పల్చటి అయోడిన్‌లో ముంచిన దూదిపుల్లతో గాయం మీద అద్దాలి. మొప్పల్లోకి చుక్క జారినా ప్రమాదమే. అత్తగారు దీపం దగ్గరగా పట్టుకుంది. మందు అద్దడం పూర్తవుతుండగా మొప్పలు ఆగిపోయాయి.

ఆమె చప్పున చేపను నీళ్లలోకి దించి, గాలి బుడగలకు ఎదురుగా దాని నోరు ఉండేలా పట్టుకుంది. కదలిక లేదు. చాలాసేపటికి ఒక మొప్ప కొద్దిగా విచ్చుకుంది. కాసేపటికి రెండోది.

మర్నాడు ఆమె పనిలో ఉండగా అత్తగారు దుకాణానికి ఫోన్ చేసింది. "గాయం మీద తెల్లగా దూదిపింజలాగా పట్టిందే." ఆమె సెలవడిగి వచ్చి నీళ్లలో బూజును చంపే నీలం మందు వేసింది. రోజూ కొన్ని నీళ్లు మార్చింది. టబ్బు మీద బట్ట కప్పింది. బూజు తగ్గినట్టే తగ్గి మళ్లీ వచ్చేది. బొద్దమ్మ అడుగునే పడి ఉండేది, మేత ముట్టేది కాదు.

"ఇంకా ఎందుకు దాన్ని హింసపెట్టడం?" అన్నాడు భర్త, ఆదివారం మధ్యాహ్నం.

ఆమె కూడా అదే అనుకుంటోంది. అలమరలోంచి లవంగనూనె సీసా తీసింది. నీళ్లలో తగినంత కలిపితే చేప నిద్రపోతుంది, ఇక లేవదు.

"అది బతకదనే చేస్తున్నావా, నామీద కోపంతో తొందరపడుతున్నావా?" అని అడిగింది అత్తగారు.

ఆమె చెయ్యి ఆగింది. "మీమీద కోపం ఉన్నమాట నిజమే అత్తయ్యా. ఇది మాత్రం దానికోసమే."

"పొద్దున నేను బట్ట తీస్తే నోరు తెరిచింది. మేతకి తెరిచినట్టే తెరిచింది. నేను చెబితే నమ్మవని ఊరుకున్నా."

ఆమె నిజంగానే నమ్మలేదు. అయినా ఒక బఠానీ ఉడికించి, తొక్క తీసి, చిన్న ముక్క బాగున్న కంటివైపు జారవిడిచింది. ముక్క అడుక్కి చేరింది. బొద్దమ్మ కదల్లేదు. ఆమె వేళ్లు సీసా మూత మీదే ఉన్నాయి. అప్పుడు చేప మెల్లగా ఒళ్లు తిప్పి, ముక్కను నోట్లోకి తీసుకుని ఉమ్మేసింది. మళ్లీ తీసుకుంది. ఈసారి ఉమ్మలేదు.

ఆమె నేలమీదే కూలబడి, అత్తగారి ముందు మొదటిసారి ఏడ్చింది. అత్తగారు ఓదార్చలేదు. ఇంకో ముక్క అందించింది.

కన్ను దక్కలేదు. తోక వంకరగా పెరిగింది. పచ్చచేపకు పెదవి మీద తగిలిన గాయాన్ని కూడా ఆమే మాన్పింది. దాని తత్వం అది, దాన్ని తిట్టి లాభమేముంది అంది. మరిది దానికోసం వేరే తొట్టె కొని తీసుకెళ్లాడు.

అత్తగారి మీద కోపం మాత్రం చాలాకాలం పోలేదు. కానీ ఎవరైనా గిన్నె పట్టుకుని వస్తే గుమ్మంలో ఎదురయ్యేది అత్తగారే. "దేన్ని దేంతో కలిపారు? సరిగ్గా చెప్పండి" అని గట్టిగా నిలదీసి, లోపలికి కేకేసేది: "టబ్బు సిద్ధం చెయ్యవే."