మామయ్యగారి స్వరాల సైజు

వాద్యబృందంలో అందరికీ ఆమె కోడలే. వయొలిన్ వాయించే పెద్దాయనకు నిజంగానే కోడలు. ఆయన "కోడలా" అని పిలవడం విని, ఊదేవాళ్లూ మోగించేవాళ్లూ అందరూ అదే పట్టుకున్నారు. ఎవరేం వాయించాలో కంప్యూటర్లో స్వరలిపిగా ఎక్కించి, కాగితాల మీద అచ్చు తీసి ఇవ్వడం ఆమె పని. ఒక్కొక్కరిదీ ఒక్కో గొడవ. ఫ్లూటాయనకు ఊపిరి తీసుకునే చోట గుర్తు లావుగా ఉండాలి. డ్రమ్ముల మనిషికి ఖాళీగా కూర్చునే చోట అంకెలు వేయకపోతే కునుకు పట్టేస్తుంది. ఇవన్నీ సాఫ్ట్‌వేర్‌లో ఎవరి సెట్టింగులు వాళ్లకు విడివిడిగా దాచిపెట్టింది.

అందులో ఒకటి మాత్రం రహస్యం. మామగారి చూపు మందగిస్తోందని ఆమె ఎప్పుడో కనిపెట్టింది. కళ్ల మాటెత్తితే ఆయనకు ఎక్కడలేని కోపం. పైగా ఆయన ఎప్పుడు తడబడతారా, ఆ కుర్చీలో ఇంకొకరిని ఎప్పుడు కూర్చోబెడదామా అని బృందం నడిపే మనిషి కాచుకుని ఉన్నాడు. అందుకని ఎవరికీ చెప్పకుండా, ప్రతి కచేరీకీ మామగారి కాగితాల్లో స్వరాలను కొద్దికొద్దిగా పెంచుకుంటూ వచ్చింది.

సాయంత్రం కచేరీ అనగా ఆ ఉదయం సాఫ్ట్‌వేర్ మొండికేసింది. తెరవడం ఆలస్యం, మూసుకుపోతోంది.

"డిఫాల్ట్‌కి మార్చెయ్, దెబ్బకి దారికొస్తుంది," అన్నాడు భర్త.

"అందరి సెట్టింగులూ పోతాయండీ."

"మళ్లీ పెట్టుకుంటే సరి."

"మీకేం, ఎన్నైనా చెబుతారు."

సెట్టింగులున్న ఫోల్డరును ఆమె చెరపలేదు. పేరు మాత్రం మార్చి పక్కన పెట్టింది. పాతది కనబడకపోయేసరికి సాఫ్ట్‌వేర్ కొత్త ఫోల్డరు తయారుచేసుకుని బుద్ధిగా తెరుచుకుంది. సరిచూద్దామని మామగారి కాగితం ఒకటి అచ్చు తీసింది. స్వరాలు చీమల్లా వచ్చాయి. దాన్ని ప్రింటర్ మీదే వదిలేసి, పాత ఫోల్డరులోంచి ఒక్కొక్క ఫైలే తెచ్చి పెడుతూ, ప్రతిసారీ తెరిచి చూడసాగింది. ఫ్లూటాయనది బాగానే ఉంది. డ్రమ్ములదీ బాగానే ఉంది. మామగారి ఫైలు పెట్టిందో లేదో, టపీమని మూసుకుంది.

పాడైంది అదన్నమాట. మిగతావన్నీ దక్కినా ఆమెకు సంతోషం లేదు. ఇన్నాళ్లూ కంటి అంచనాతో పెంచడమే గాని, చివరికి ఎంత సైజు దాకా వచ్చిందో ఆమెకే తెలియదు. పోయినసారి కాగితం చూసి కొలుచుకుందామని లేచి, ప్రింటర్ వైపు చూస్తే ఇందాక అచ్చు తీసిన చిన్న స్వరాల కాగితం అక్కడ లేదు.

"నాన్నకిచ్చేశాను," అన్నాడు భర్త, ఏదో ఘనకార్యం చేసినట్టు.

ఆమె ఒక్క పరుగున వెనకగదికి వెళ్లింది. లోపల వయొలిన్ మోగుతోంది. ఎక్కడా తడబాటు లేదు. తలుపు తోసి చూస్తే, మామగారి ముక్కు మీద కళ్లద్దాలున్నాయి. ఆయన గబుక్కున తీయబోయి, ఇక లాభం లేదని ఉంచేసుకున్నారు.

"ఎప్పట్నుంచి మామయ్యా?"

"రెండేళ్లవుతోందమ్మా. నువ్వు కనబడగానే తీసి జేబులో పెట్టుకునేవాణ్ని."

"మరి చెప్పరేం? స్వరాలు అంతంత చేసి పెడుతుంటే?"

"పేజీలు తిప్పలేక చచ్చాననుకో."

ఆమె నవ్వింది. ఆయన నవ్వలేదు.

"మీ అత్తయ్య పోయాక, నేను అడక్కుండానే నాకేం కావాలో చూసింది నువ్వే. అద్దాలొచ్చాయని తెలిస్తే మానేస్తావేమోనని భయం వేసింది," అని తీగలు సవరిస్తున్నట్టు తల దించుకున్నారు.

కోడలికి నవ్వుతో పాటే ఏడుపూ వచ్చింది. స్టాండు మీది కాగితాన్ని చేతిలోకి తీసుకుంది.

"ఇది మరీ చిన్నగా ఉంది మామయ్యా. కాస్త పెంచి తెస్తాను, ఉండండి," అంది.