తిమింగలం పన్ను

మా ఆయన లైసియాసా వీపు చూసిన కొత్తవాళ్ళు ఎవరో కొరడాతో బాదారనుకుంటారు. కొరడా కాదు, పగడపు దిబ్బ. చెవి అని మేం పిలుచుకునే పెద్ద అల మీద నుంచి జారి పడ్డప్పుడల్లా ఆ దిబ్బ ఇంత తోలు గీసుకునిగానీ మనిషిని వదిలేది కాదు. ఇంటికొచ్చి చాప మీద బోర్లా పడుకుంటే నేను గాయాల మీద నిమ్మకాయ పిండేదాన్ని. "మెల్లిగా పిండవే తల్లీ, నీకు పుణ్యముంటుంది" అని మూలిగేవాడు. "అల ఎక్కేటప్పుడు లేని నొప్పి ఇప్పుడెక్కణ్ణుంచి వచ్చింది?" అని ఇంకో చెక్క పిండేదాన్ని. పెళ్ళైన కొత్తలో మా సరసమంతా నిమ్మకాయల మీదే నడిచింది.

ఇప్పుడా గాయాలన్నీ మాని తెల్లబడ్డాయి. కొత్తవి లేవు. ఆయన కొండవాలున కర్రపెండలం వేసుకుని, సముద్రం వైపు వీపు పెట్టి తవ్వుకుంటూ ఉంటాడు. ఎందుకలా అయ్యాడో నేను చెప్పాలి, ఎందుకంటే కారణమైన మనిషిని ఎదురుగా నిలబెట్టి దులిపేసే వీలు నాకు లేదు. ఎమోసి మా ఆయనకు మేనమామ కొడుకు. ఆయనకు బావ అయ్యాడు కాబట్టి నాకు అన్నయ్య వరస. ఫిజీలో మా వైపు ద్వీపాల్లో ఆడది అన్న వరసైనవాడితో ముఖాముఖి మాట్లాడకూడదు. పరాచికం అసలే పనికిరాదు, ఇక తిట్టడం మాట దేవుడెరుగు. ఇంత నోరిచ్చిన దేవుడు నన్ను తీసుకెళ్ళి వాడికి చెల్లెల్ని చేశాడు.

బావలకు మాత్రం అడ్డూ అదుపూ లేదు. ఒకడి పళ్ళెంలో చేప ఇంకొకడు లాక్కోవచ్చు, నడివీధిలో ఒకడి పెళ్ళాం వంటను ఇంకొకడు వెక్కిరించవచ్చు. ఎవరికీ కోపం రాకూడదు. కోపం వచ్చినవాడు బావే కాదంటారు మావాళ్ళు. తల్లి పోయాక ఎమోసి మేనత్త ఇంట్లో, అంటే మా అత్తగారి ఇంట్లో పెరిగాడు. ఇద్దరూ ఒకే చాప మీద పడుకుని, ఒకే గిన్నెలో తిని, రోజూ ఒకళ్ళనొకళ్ళు ఏడిపించుకుంటూ పెద్దవాళ్ళయ్యారు.

ఊరికి దూరంగా, పడవలో వెళ్తే పొయ్యి మీద చేమదుంపలు ఉడికేంత సేపటికి, బయటి దిబ్బ వస్తుంది. అక్కడ దిబ్బ తెగి లోతు కాలువలా ఉంటుంది. దక్షిణం నుంచి వచ్చే పెద్ద అల ఆ అంచున తగిలి, లేచి, దిబ్బ వెంట వంగుతూ పోతుంది. వంగినప్పుడు అచ్చం చెవిలా ఉంటుందని మా పెద్దలు దానికి దలింగ అని పేరు పెట్టారు, అంటే చెవి. ఒకసారి ఎవరో తెల్లవాడు తెరచాప పడవలో వచ్చి, అలలెక్కడానికి తెచ్చుకున్న పలకను దాని మీద రెండు ముక్కలు చేసుకుని, విసుగొచ్చి రెండూ మావాళ్ళ మొహాన పడేసి పోయాడు. బావలిద్దరూ చెరో ముక్కా తీసుకున్నారు. అంతకు ముందు కూడా పిల్లలు విరిగిన పడవ చెక్కల మీద ఒడ్డున అలలెక్కేవాళ్ళు. కానీ చెవిని ఎక్కింది వీళ్ళే. నీళ్ళు వెనక్కి లాగి దిబ్బ బయటపడుతుంటే, ఊదారంగు పగడాలు కాళ్ళ కింద కనబడుతుంటే, దాని మీద లేచి నిలబడ్డమంటే మాటలు కాదు.

నేను కాపురానికి వచ్చేసరికి ఇద్దరికీ మంచి పలకలున్నాయి. పడవ నేనే నడిపేదాన్ని. కాలువ పక్కన లంగరు దింపి, గాలం వేసుకుని కూర్చుంటే వాళ్ళిద్దరి సంబరం అంతా కనబడేది. అల వచ్చే చోట పక్కపక్కన కూర్చుని ఎదురుచూసేవాళ్ళు. మంచి అల కనబడగానే ఎమోసి, చేతికి ఏది దొరికితే అది, నీళ్ళలో తేలుతున్న కొబ్బరి డొక్కో, కాలి చెప్పో రెండు చేతులా పైకెత్తి, తల వంచి, పూజారి గొంతు పెట్టేవాడు. "దిబ్బకు కాపలాదారులైన గొప్ప వంశానికి, ఈ తంబువా సమర్పించి, ఈ చెవిని మాకు దయచేయమని వేడుకుంటున్నాం."

తంబువా అంటే కొబ్బరి తాడు కట్టిన తిమింగలం పన్ను. అది పట్టుకుని అడిగింది, అవతలివాడు అందుకుంటే ఇచ్చేసినట్టే. పిల్లనడిగినా అంతే, తప్పు మన్నించమన్నా అంతే. ఇష్టం లేకపోతే అందుకోకూడదు. అందుకున్నాక మాట తిరగదు. అంతటి పన్నుకు బదులు చెప్పు పట్టుకుని వాడు అడిగితే, మా ఆయన దాన్ని అంతే భక్తిగా అందుకుని, కళ్ళు మూసుకుని, "అందుకున్నాను, మీ మాట నెరవేరింది, మీ వంశం వర్ధిల్లు గాక" అని అరచేతులు దొప్పలు చేసి చప్పట్లు కొట్టేవాడు. ఎమోసి అల ఎక్కి పోయేవాడు. ఈయన ఆ చెప్పు వాడి వెనక విసిరేవాడు.

ఒడ్డున కూడా ఇదే తంతు. చేప తలకాయ కోసం గరిటె పట్టుకుని ఒకడు, పొగాకు కోసం అరటిపండు పట్టుకుని ఒకడు. ఊరంతా నవ్వేది. నేనూ నవ్వేదాన్ని, మొహం పక్కకు తిప్పుకుని.

పక్క ద్వీపంలో హోటలు కట్టినవాళ్ళకు చెవి కావాల్సి వచ్చింది. తమ అతిథులు తప్ప ఎవరూ దాని మీదకు రాకూడదని వాళ్ళ కోరిక. ఊరికి పెద్ద మా ఆయన అన్న కితియోనే. అయినా దిబ్బ కాపలా మా మామగారి నుంచి మా ఆయనకు వచ్చింది. దిబ్బను అడిగే పన్ను ఈయన చేతిలో పడితేనే చెల్లుతుంది. వాళ్ళు పద్ధతిగానే పన్ను పట్టుకుని వచ్చారు. మా ఆయన చెయ్యి చాపలేదు.

"చేపలు పట్టుకోండి, ఈతలు కొట్టండి, మీవాళ్ళను తెచ్చి మాతో పాటు అల కూడా ఎక్కించుకోండి. మమ్మల్ని దిగొద్దంటే మాత్రం కుదరదు," అన్నాడు.

"ఊరికి లైట్లు పెట్టిస్తామంటున్నారు, ఆలోచించరా," అన్నాడు కితియోనే.

"లైట్లు వస్తే మంచిదే అన్నా. చీకట్లో నువ్వు నా చెప్పులేసుకుని పోవడం తప్పుతుంది. చెవి మాత్రం ఇవ్వను."

నాకూ ఇంట్లో బల్బు కావాలనే ఉండేది, దాచను. కానీ అల ఎక్కి వచ్చిన రోజు ఆయన మొహం చూసినదాన్ని కాబట్టి నోరు మూసుకున్నాను. హోటలువాళ్ళు వెళ్ళిపోయారు. కొన్నాళ్ళకు ఎమోసి వాళ్ళ దగ్గర పడవ నడిపే పనిలో చేరాడు. మా ఆయన సంతోషించాడు కూడా, బావకు టోపీ, చొక్కా ఇచ్చారని.

ఆ శనివారం మగాళ్ళంతా పడవల పాకకు కప్పు వేశారు. సాయంత్రం కితియోనే ఇంట్లో అంతా కూర్చుని తాగడానికి యంగోనా వేరు దంచి నీళ్ళలో కలిపారు. అది మామూలే. కానీ కప్పెక్కి దిగిన కితియోనే ఇస్త్రీ చొక్కా తొడుక్కుని కూర్చున్నాడు. మిగతా పెద్దలూ అంతే. నేను సీమపనస తొక్క తీస్తూ మా తోడికోడల్ని అడిగాను. "ఏం అక్కా, ఇవాళ ఎవరి పెళ్ళి?"

"చల్లగా ఉంది కదా అని వేసుకున్నారు," అంది ఆవిడ, నా వంక చూడకుండా. ఆవిడ నుదుటి మీద చెమట కారుతోంది.

గుమ్మం బయట ఎవరివో రెండు జతల బూట్లున్నాయి. పాస్టరుగారి చుట్టాలేమో అనుకున్నాను.

అప్పుడు ఎమోసి వచ్చాడు. గుమ్మంలోనే మోకాళ్ళ మీద కూలబడి, రెండు చేతుల్లో నిజం పన్ను పట్టుకుని, పాకుతూ లోపలికొచ్చాడు. మా ఆయన అప్పటికే నవ్వుతున్నాడు. వేళాకోళానికి వాడు కితియోనే పెట్టెలోంచి పన్ను కొట్టుకొచ్చాడనుకున్నాడట, తర్వాత చెప్పాడు. ఎమోసి అదే పూజారి గొంతు పెట్టాడు. అవే మాటలు. దిబ్బకు కాపలాదారులైన గొప్ప వంశానికి. ఈ చెవిని మాకు దయచేయమని. వెనక పిల్లలు కిసుక్కుమన్నారు. మా ఆయన నవ్వాపుకుంటూ చేతులు చాచి పన్ను అందుకున్నాడు. కళ్ళు మూసుకుని, ఎప్పటికంటే బాగా, రాగం తీసి మరీ అన్నాడు. "అందుకున్నాను, మీ మాట నెరవేరింది, మీ వంశం వర్ధిల్లు గాక."

పెద్దలంతా దొప్పల చేతులతో చప్పట్లు కొట్టారు. ఒక్కడూ నవ్వలేదు. చర్చిలో కూర్చున్నట్టు తలలు వంచుకుని, అందరూ ఒకేసారి కొట్టారు. మా ఆయన కళ్ళు తెరిచాడు. నవ్వు ఇంకా మొహం మీదే ఉంది, దాన్ని ఏం చేయాలో ఆయనకు తెలియలేదు. గుమ్మం బయట బూట్లు విప్పినవాళ్ళు పక్క గదిలోంచి వచ్చారు. హోటలువాళ్ళు.

"ఇదేంట్రా బావా," అన్నాడు మా ఆయన. "మనం ఆడుకుంటున్నాం కదా."

ఎమోసి చాప వంక చూస్తూ అన్నాడు. "ఆడుకుంటున్నామని నేనన్నానా? నవ్వింది నువ్వు."

"అన్నా, నువ్వు చెప్పు. ఇది వేళాకోళమని నీకు తెలుసు."

కితియోనే చొక్కా మడత సరిచేసుకున్నాడు. "పన్ను వేళాకోళం కాదు కదా తమ్ముడూ. చేత్తో పట్టుకున్నావు. నోటితో అన్నావు. మేమంతా విన్నాం."

వీళ్ళందరికీ ముందే తెలుసు. ఇస్త్రీ పెట్టె బొగ్గుల దగ్గర నుంచి అన్నీ అనుకునే చేశారు. ఊరంతా కలిసి ఒక్క మనిషిని పట్టుకోడానికి ఆ మనిషి నవ్వునే గాలంగా వేశారు. నేను వంటింటి గుమ్మంలో నిలబడి, ఎమోసిని అనడానికి లేక, పక్కన పడుకున్న కుక్కను తిట్టాను. "తిన్న గిన్నెలోనే ఉమ్మేదానా, నీకు మా అత్త పాలు పోసి పెంచింది ఇందుకేనా?" అన్నాను. కుక్క లేచి పోయింది. ఎమోసి విన్నాడు, తల ఎత్తలేదు.

మా వైపు నుంచి ఇంకో పన్ను పట్టుకెళ్ళి అల తిరిగి అడగాలంటే, పెద్దలు వెంట వెళ్ళి మాట్లాడాలి. మా ఆయన ఇంటింటికీ తిరిగాడు. ఒకడికి నడుం నొప్పి, ఒకడికి కూతురు పురిటికొచ్చింది. లైట్లు వచ్చాయి. మా ఇంట్లో మాత్రం ఆయన తీగ లాగనివ్వలేదు. దిబ్బ వైపు వెళ్ళనూ లేదు. "వేళాకోళానికైనా అన్నాను కదే. నోరు నాదే కదా," అనేవాడు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఏడుపొచ్చేది. మోసం చేసినవాళ్ళు హాయిగా నిద్రపోతున్నారు, మోసపోయినవాడు మాట నిలబెట్టుకుంటున్నాడు.

తుఫాన్ల కాలం పోయి చల్లగాలి మొదలయ్యాక, ఒక ఉదయం దిబ్బ మోత ఊళ్ళోకి వినబడింది. అంత పెద్ద నీళ్ళు ఏడాదికెప్పుడో వస్తాయి. ఆయన తోటకు వెళ్ళడానికి గునపం తీసి, మళ్ళీ పెట్టేశాడు. మళ్ళీ తీశాడు. చూడలేక నేనే పలక తీసి పడవలో పెట్టాను.

"వద్దే. ఇచ్చేసిన దాని మీదకెళ్ళి ఏం ఎక్కుతాం?"

"దొంగతనంగా ఎక్కమన్నానా? అడుగు. ఒక్క అల. అక్కడున్నది మీ బావే కదా."

దారిలో ఆయన ఉత్సాహం పెరుగుతూ వచ్చింది. "నిజమే. ఊళ్ళో పెద్దల ముందు ఏదో అయిపోయింది గానీ, నీళ్ళలో వాడు వేరు. ఒక్క అల కాదంటాడా? వాడిక్కూడా మొహం చెల్లకే ఇన్నాళ్ళూ రాలేదు, అంతే," అన్నాడు. వాడు లేని ఇన్నాళ్ళూ ఈయన తనలో తనే ఎన్ని మాటలు దాచిపెట్టుకున్నాడో నాకప్పుడు తెలిసింది.

కాలువలో హోటలు పడవ ఉంది. రంగురంగుల పలకల మీద తెల్లవాళ్ళు. పడవలో టోపీ పెట్టుకుని ఎమోసి నిలబడి ఉన్నాడు. మా ఆయన పలక మీద పడుకుని, చేతులతో నీళ్ళు తోసుకుంటూ, ఎప్పుడూ కూర్చునే చోటికి వెళ్ళాడు. ఎమోసి పడవ దగ్గరకొచ్చింది. ఈయన మొహం వెలిగిపోయింది.

"ఏం బావా, ఆ టోపీలో ఉడకబెట్టిన ఆక్టోపస్‌లా ఉన్నావు. మీ ఆవిడ రాత్రి నిన్ను చూసి కొబ్బరిపాలు పోయలేదూ?"

అని ఆగాడు. బావ తిరిగి తిట్టాలి. తిట్టాడంటే ఒక్క అల ఇచ్చినట్టే. ఈయన నవ్వుతూ, మెడ కొంచెం ముందుకు పెట్టి, ఎదురుచూశాడు.

ఎమోసి ఒకసారి అతిథుల వంక చూశాడు. తర్వాత టోపీ సరిచేసుకున్నాడు.

"అయ్యా, ఇది హోటలు అతిథులకు కేటాయించిన చోటు. మీరు దయచేసి ఇక్కణ్ణుంచి వెళ్ళండి."

మా ఆయన వెనక్కి తిరిగి చూశాడు. వాడు ఎవరితో అంటున్నాడో, తన వెనక ఎవరైనా పెద్దమనిషి ఉన్నాడేమోనని. ఎవరూ లేరు. అప్పుడే చెవి లేచింది, నేను జన్మలో చూడనంత అల. ఈయన సరిగ్గా దాని దారిలో ఉన్నాడు. నీళ్ళలో ఒక్క చెయ్యి వేస్తే చాలు, అల ఎత్తుకుపోయేది. చెయ్యి వెయ్యలేదు. అల ఆయన కిందనుంచి జారి, దిబ్బ వెంట ఖాళీగా పోయింది.

పడవెక్కాక పలక అడ్డంగా పడేసి, నాకు ఎదురుగా కూర్చున్నాడు. నేను ఇంజను లాగాను. పడవ దిబ్బ దాటి లోపలి నీళ్ళలోకి వచ్చింది.

"వసీతీ," అన్నాడు అప్పుడు. "వాడు 'మీరు' అన్నది నన్నేనా?"

"నిన్నే," అన్నాను.